వెలుగుపలక పుట్టుపూర్వోత్తరములు

ఖమ్మము నుండి భద్రాచలము దిక్కుగా సాగినకొలది పొలములు సన్నగిల్లి, టేకుచెట్లును తునికిపొదలును దట్టమై, కోయపల్లెలు మొదలగును. ఆ పల్లెలలో వేల్పుల కొలుపు జరుగునపుడు డోలి కళాకారులు పడిగె యనెడి త్రికోణాకృతి గల వస్త్రమును ఎదుట నిలుపుకొని, డోలి వాయించుచు, ఆ గట్టు (వంశశాఖ) వారి పూర్వుల కథను గానము చేయుదురు. 2022లో పద్మశ్రీ పురస్కారము నందుకొనిన మణుగూరు మండలవాసి కీర్తిశేషులు సకిని రామచంద్రయ్య ఆ పరంపరకు చెందిన గాయకుడు. వస్త్రముపై నున్నవి బొమ్మలు. కథ యున్నది గాయకుని కంఠమునందు. కంటికి అందవలసినది వస్త్రము చూపును, చెవికి అందవలసినది గాయకుడు వినిపించును. ఒకరి పని మరియొకరు చేయరు. కళాశాలల తరగతులలోను, ప్రభుత్వ కార్యాలయముల సమీక్షా సమావేశములలోను ‘పీపీటీ’ యను పొట్టి పేరుతో చెలామణి యగుచున్న స్లైడుల విద్యకు మూలసూత్రము ఇదియే యనియు, స్లైడును చేయుట సులభమైనకొలది ఆ సూత్రము మరుగుపడినదనియు నా యభిప్రాయము. ఆ మరుగు ఎట్లు కలిగినదో తెలియవలెనన్నచో స్లైడును చూపు యంత్రము యొక్క జీవితమును మొదటినుండి చెప్పుకొనవలెను.

యంత్రము రాకమునుపే మనకు విద్య యున్నది. చేర్యాల నకాషీ చిత్రకారులు చింతగింజల అంబలియు సుద్దయు పట్టించిన బట్టపై ఎర్రని నేలలో వ్రాసిన పటములను కథకులు గడి తరువాత గడిగా విప్పుచు కులపురాణములు చెప్పుదురు. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణమును చెప్పుట ఈ తీరుననే. తోలుబొమ్మలాట వారు తోలును వెలుగు చొరబారునంత పలుచన చేసి, రంగులద్ది, వెనుక దీపము పెట్టిరి. కాని తోలుబొమ్మ తెరపై తన పరిమాణముననే కనబడును. చేతిలో ఇముడు చిత్రమును గోడంత చేయుటకు కటకము కావలసి వచ్చినది.

ఆ పనిని సాధించినవాడు హాలండు దేశీయుడైన క్రిస్టియాన్ హైగెన్స్. శనిగ్రహపు వలయమును గుర్తించిన మహాశాస్త్రజ్ఞుడు. 1659 నాటి ఆయన కాగితములలో, తన తలను తానే తీసి చేతబట్టుకొను అస్థిపంజరపు చిత్రములు కొన్ని, కటకముల ద్వారా చూపుటకై గీయబడినవి, నేటికిని నిలిచియున్నవి. ఈ దీపమును ఆయన తన ప్రతిభకు తగిన వస్తువుగా నెంచలేదు. 1662లో తండ్రి దానిని ఫ్రెంచి రాజాస్థానములో చూపదలచి పంపుమని కోరగా, ఆ గారడీ తమ కుటుంబము నుండి వచ్చినదని లోకము చెప్పుకొనునేమో యని లజ్జించి, తండ్రి మాట కాదనలేక దీపమును పంపుచునే, అది పనిచేయకుండ ఒక కటకమును తీసివేయుమని సోదరునకు జాబు వ్రాసెను. మాజిక్ లాంతరు అను పేరుతో ఆ దీపమే యూరపు ఖండమంతయు తిరిగినది.

దాని నిర్మాణమును తెలిసికొన్నవారికి నేటి ప్రొజెక్టరు కూడ సులభముగా అర్థమగును. పెట్టెలో దీపము, దీపము వెనుక పుటాకార దర్పణము, ముందు రెండు దళసరి కటకముల జంట. ఈ జంట వెలుగును కూడగట్టి గాజుపలకపై అంతటను సమముగా పరచును. పలకకు ఆవల, ముందుకు వెనుకకు జరుపదగిన మరియొక కటకము ఆ చిత్రమును గోడపై పెద్దది చేసి నిలుపును. ఆ కటకము బొమ్మను తలక్రిందులు చేయును గనుక పలకను మొదటనే తలక్రిందులుగా దూర్చవలెను. 1671లో అథనేషియస్ కిర్కర్ అను పండితుడు ప్రకటించిన గ్రంథములో పలకను కటకమునకు ముందువైపున పెట్టి బొమ్మ గీయించిరి. అట్లు పెట్టినచో గోడపై చిత్రమేర్పడదు. పెద్ద చిక్కు వెలుగుతోనే వచ్చినది. చిత్రమును అడ్డముగా యాబది రెట్లు, నిలువుగా యాబది రెట్లు పెంచినచో ఉన్న వెలుగే రెండువేల ఐదువందల రెట్ల వైశాల్యముపై పరచుకొనవలెను. నూనెదీపమునకు అది శక్యము కాదు. పందొమ్మిదవ శతాబ్దిలో ఆక్సిజను, హైడ్రోజను వాయువుల జ్వాలలో సున్నపు కడ్డీని కాల్చగా తెల్లని తీవ్రకాంతి వెలువడునని కనుగొనిన పిదపనే వందలాది జనులు కూర్చున్న మందిరములలో లాంతరు ఉపన్యాసములు సాధ్యమైనవి. 1850 ప్రాంతమున ఫిలడెల్ఫియాలో లాంగెన్‌హైం సోదరులు గాజుపై ఛాయాచిత్రమును ముద్రించుట నేర్చిరి. నాటినుండి చిత్రకారుని ఊహయే గాక, ఉన్న వస్తువు ఉన్నట్లుగా గోడపైకి వచ్చెను.

మన తెలుగునాట ఈ గాజుపలక చిరకాలము జీవించిన చోటు సినిమాహాలు. ఆట మొదలగుటకు ముందును, విరామములోను, బట్టల దుకాణపు పేరు, పొగత్రాగరాదను హెచ్చరిక, రాబోవు చిత్రపు పేరు తెరపై నిలిచెడివి. అరచేతిలో నిముడు గాజుముక్కపై సన్నని కుంచెతో అక్షరములు దిద్దిన పెయింటరునకు స్లైడురచనా శాస్త్రమును ఎవరును బోధింపలేదు; ఐనను, వెనుకవరుస బెంచిపైనున్న మనిషి ఆ కొద్ది క్షణములలో చదువగలిగినదే వ్రాయవలెనన్న నియమము అతని చేతికి పట్టుబడినది. దుకాణము పేరు, ఊరిలో దాని తావు, ఒక బొమ్మ. అంతకు మించి వ్రాయుటకు గాజుపై చోటును లేదు, వ్రాసిన ఫలమును లేదు.

కొడాక్ సంస్థ 1936లో ముప్పదియైదు మిల్లీమీటర్ల రంగుఫిల్మును అమ్మకమునకు తెచ్చిన పిదప గాజు పోయి, అట్టచట్రములో బిగించిన ఫిల్ముముక్క వచ్చినది. 1961లో అదే సంస్థ విడుదల చేసిన కెరూసెల్ ప్రొజెక్టరులో ఎనుబది స్లైడులు గుండ్రని పళ్లెములో నిలువుగా నుండును. మీట నొక్కినంతనే పళ్లెము ఒక గడి తిరుగును, స్లైడు తన బరువుతో తానే దీపము ముందునకు జారును. ఒక్క స్లైడు కావలెనన్నను ఛాయాచిత్రము తీయవలెను, కడిగించవలెను, చట్రములో బిగింపవలెను. రోజులు పట్టును, డబ్బు కర్చగును. అందువలన ఉపన్యాసకుడు తాను నోటితో చెప్పగలదానికి స్లైడు చేయించెడివాడు కాడు. ఒక దేవాలయ శిల్పమో, ఒక రోగి ఊపిరితిత్తుల ఎక్స్‌రేయో, మాటలలో పట్టనిది మాత్రమే స్లైడున కెక్కెడిది. ఈ కష్టమే ఆనాటి స్లైడులకు రక్ష యైనదని నా నమ్మకము.

ఆ రక్ష తొలగుట ఓవర్‌హెడ్ ప్రొజెక్టరుతో ఆరంభమైనది. దానిపై కాగితమంత పారదర్శక పత్రమును పరచి చూపవలెను. అంత వెడల్పున వెలుగును కూడగట్టుటకు మామూలు కటకమైనచో మోయరాని బరువగును. ఫ్రాన్సులో 1823లో దీపస్తంభము కొరకు ఫ్రెనెల్ మహాశయుడు కటకపు వంపును మాత్రము ఉంచి, దళసరిని వలయములు వలయములుగా తొలచివేసిన ఉపాయమునే, త్రీఎం సంస్థ ఇంజనీరు రోజర్ అప్పెల్‌డార్న్ పలుచని ప్లాస్టికు రేకుపై అచ్చొత్తి, 1960 దశకారంభమున చవుకైన యంత్రమును తయారు చేసెను. దీపములు ఆర్ప నక్కరలేదు, ఉపాధ్యాయుడు పిల్లలవైపు తిరిగియే కలముతో వ్రాయవచ్చును. మంచి యంత్రమే. కాని టైపు చేసిన పుటను అట్లే పారదర్శక పత్రముపైకి ఎక్కించు వీలును అదియే కలిగించినది. స్లైడుపై చిత్రమునకు బదులు వాక్యము కాపురము పెట్టినది ఇక్కడనే.

తక్కిన కథ వడిగా నడచినది. కాలిఫోర్నియాలో ఫోర్‌థాట్ అను చిన్న సంస్థలో రాబర్ట్ గాస్కిన్స్ 1984లో తలపెట్టగా, డెన్నిస్ ఆస్టిన్, టాం రడ్కిన్ అనువారు నిర్మించిన పవర్‌పాయింట్ 1987 ఏప్రిలులో మాకింటోష్ కంప్యూటరునకై వెలువడెను. అదే యేట మైక్రోసాఫ్ట్ వారు ఆ సంస్థను కోటి నలుబది లక్షల డాలర్లకు కొనిరి. తొలి రూపములో అది ఓవర్‌హెడ్ పత్రములకు కావలసిన నలుపు తెలుపు పుటలను మాత్రమే తయారుచేసెడిది. 1992 ఫిబ్రవరిలో పారిస్ నగరపు హోటలులో గాస్కిన్స్ తన లాప్‌టాపు నుండి తిన్నగా తెరపైకి రంగుల స్లైడులను చూపినపుడు గాజును, ఫిల్మును, ప్లాస్టికును ఒక్కసారిగా అనవసరమైనవి. కెరూసెల్ తయారీ 2004లో నిలిచిపోయినది. నేటి డీఎల్‌పీ ప్రొజెక్టరులో గాజుపలక స్థానమున నున్నది గోటికన్న కొంచెము పెద్దదైన చిప్పు. దానిపై లక్షలాది సూక్ష్మదర్పణములు క్షణమునకు వేలమార్లు అటునిటు వ్రాలుచు వెలుగును కటకమువైపు త్రోయుటయో, ప్రక్కకు నెట్టుటయో చేయును. దీపము, పలక, కటకము అను హైగెన్స్ నాటి వరుస మాత్రము మారలేదు.

ఐతే కొత్త పుట తెరచినంతనే పైన శీర్షికకు ఒక పెట్టె, క్రింద చుక్కలతో పంక్తులు వ్రాయుటకు మరియొక పెట్టె సిద్ధముగా నుండుటచేత, చుక్కలు పెట్టి వ్రాయుటయే స్లైడు చేయుట యని లోకము నమ్మినది. ఈ నమ్మిక ఎంత దూరము పోగలదో తెలియుటకు కొలంబియా వ్యోమనౌక ఉదంతము చాలును. 2003 జనవరి 16న నౌక లేచిన ఎనుబది రెండవ సెకనున ఇంధనపు టాంకు నుండి ఊడిన నురుగుముక్క ఎడమ రెక్కకు తగిలెను. కల్పనా చావ్లాతో కూడ ఏడుగురు ఇంకను అంతరిక్షములో నుండగా, ఇంజనీర్లు తమ లెక్కలను స్లైడులుగా అధికారులకు చూపిరి. వానిలో ఒక స్లైడు శీర్షిక ధైర్యము చెప్పునట్టిది. దాని క్రింద చుక్కలు, చుక్కల క్రింద గీతలు, వాని క్రింద మరల చుక్కలు; అట్టడుగున, చిన్న అక్షరములలో, అసలు సంగతి. పూర్వము పరీక్షించిన నురుగుముక్క ఘనపరిమాణము 3 ఘనపు అంగుళములు. ఇపుడు తగిలినదానిది 1920. అనగా 640 రెట్లు. పరీక్షల ఫలితములు ఈ సందర్భమునకు వర్తింపవన్నమాట. చూచినవారు శీర్షికను నమ్మిరి. ఫిబ్రవరి 1న తిరిగివచ్చుచు నౌక ఆకాశములోనే ఛిన్నాభిన్నమైనది. ఆ స్లైడును ఎడ్వర్డ్ టఫ్టీ అను పండితుడు పంక్తి పంక్తిగా విమర్శించెను. ప్రమాద విచారణ సంఘము తన నివేదికలో ఆ విమర్శను ప్రస్తావించి, సాంకేతిక నివేదికకు బదులు స్లైడుల నుపయోగించు అలవాటును తప్పుపట్టెను.

ఆ స్లైడును ఎట్లు గీయవలసి యుండెనో ఒకసారి ఆలోచింతము. 3 ఘనపు అంగుళముల ఘనము భుజము ఒకటిన్నర అంగుళములకు లోపు. 1920 ఘనపు అంగుళముల ఘనము భుజము అడుగునకు పైన. నిమ్మకాయంత ముక్క నొకదానిని, దాని ప్రక్కనే అడుగుకు మించిన దిమ్మ నొకదానిని, ఒకే కొలతలో గీసి, పైన “మనము పరీక్షించినది చిన్నది, తగిలినది పెద్దది” యని ఒక్క పూర్ణవాక్యము వ్రాసినచో, గదిలో ఎంత తొందరలో నున్న అధికారికైనను కన్ను అక్కడ ఆగక తప్పదు. శీర్షికలో ఒక నిశ్చితవాక్యము, దాని క్రింద ఆ వాక్యమునకు సాక్ష్యమైన బొమ్మ: ఈ పద్ధతినే పెన్సిల్వేనియాలో మైకేల్ అల్లీ అను ఆచార్యుడు ఇంజనీరింగు విద్యార్థులకు బోధించెను.

పంక్తులతో నిండిన స్లైడు ఎందుకు విఫలమగునో మనశ్శాస్త్రము కూడ చెప్పినది. మౌనముగా చదువునపుడును మన మనసులో ఒక గొంతు పలుకుచుండును. వినుమాట కూడ మనసులో అదే త్రోవను నడచును. తెరపై పంక్తియు ఉపన్యాసకుని పలుకును ఒక్కసారి వచ్చినచో రెండును ఒరసికొని, శ్రోతకు ఏదియు సరిగా అందదు. బొమ్మ మరియొక త్రోవన పోవును గనుక మాటకు అడ్డురాదు. బొమ్మతో మాటను వినిన విద్యార్థులు, బొమ్మ, మాట, ఆ మాటయే అక్షరములుగా, మూడింటిని పొందినవారికన్న బాగుగా నేర్చుకొనిరని రిచర్డ్ మేయర్ అనేక ప్రయోగములతో చూపెను. డోలి గాయకుడు ఎరిగిన సంగతియే!

తెలుగులో స్లైడు చేయువారికి మరియొక బాధ్యత కలదు. ఖమ్మము నగరములో కలిసిపోయిన మా ఖానాపురం హవేలి వంటిచోట బడిగది కిటికీలు మూసినను ఎండ లోనికి వచ్చును. ప్రొజెక్టరు నలుపును వెలువరింపలేదు; తెరపై నలుపు అనగా వెలుగు పడని గోడయే. గోడపై ఎండ యున్నచో నలుపు బూడిదరంగగును. అట్టిచోట నల్లని నేలపై తెల్లని అక్షరములకంటె తెల్లని నేలపై నల్లని అక్షరములు మేలు. ఇక అక్షరముల సంగతి. ద–ధ, డ–ఢ, ప–ఫ జంటలలో భేదమంతయు క్రిందనున్న చిన్న గీతలో నున్నది. ఆరోగ్యవంతమైన కన్ను పది మీటర్ల దూరమున సుమారు మూడు మిల్లీమీటర్లకన్న చిన్న భేదమును పోల్చుకొనలేదు. వెనుక బల్లపై పిల్లవాడు శ్రమ లేక ఆ గీతను చూడవలెనన్నచో తెరపై అది దానికి రెండింతలైన నుండవలెను. అక్షరము ఐదారు సెంటీమీటర్ల ఎత్తు కావలెను. పైన గుడికి, క్రింద ఒత్తునకు చోటు విడిచినచో ఒక్కొక్క వరుసకు పదునైదు సెంటీమీటర్లు పట్టును. ఒకటిన్నర మీటర్ల తెరపై పదివరుసలకు మించి ఎక్కవు, బొమ్మకు చోటు కావలెనన్నచో వానిలో మూడు మిగులును. ఇంగ్లీషు అక్షరముల కొరకు ఏర్పరచిన వరుసల ఎడమును మార్చక తెలుగును టైపు చేసినచో పై వరుస వత్తులు క్రింది వరుస గుళ్లపై పడి ‘లక్ష్మి’ యను మాటయే చదువశక్యము కాకుండును.

ఈ నియమములు ఒక్క స్లైడులో ఎట్లు కూడునో ఒక ఉదాహరణముతో చెప్పెదను. భద్రాచలపు టడవులలో మలేరియా పాతశత్రువు. వైవాక్స్ జాతి మలేరియా సోకినవానికి క్లోరోక్విన్ మూడు దినములు, ప్రైమాక్విన్ పదునాలుగు దినములు ఇచ్చెదరు. రెండు మూడు దినములలో జ్వరము దిగగానే రోగి మందు మానును. కాలేజములో దాగిన క్రిములు కొన్ని వారములకో, నెలలకో మరల లేచును. ఈ విషయమును పల్లెలో చెప్పుటకు నేను కోరు స్లైడులో పంక్తులు లేవు. అడ్డముగా పదునాలుగు గడులు, ప్రతి గడిలో ఒక మాత్ర. గడులమీదుగా జ్వరపు గీత, మూడవ గడి చేరులోగా దిగి నేలమట్టమై తుదివరకు సాగును. గడుల క్రింద కాలేజపు బొమ్మలో క్రిముల చుక్కలు గడి గడికి పలచబడుచు పదునాలుగవ గడిలో మాత్రమే మాయమగును. జ్వరము పోయిన మూడవ దినమునకును క్రిమి పోవు పదునాలుగవ దినమునకును నడుమ నున్న పదునొకండు గడుల ఎడము చదువురాని వానికిని కనబడును. గర్భిణులకు ప్రైమాక్విన్ ఈయరాదనుట, మూత్రము నల్లబడినచో మందు వెంటనే ఆపి ఆసుపత్రికి రావలెననుట, పరగడుపున మ్రింగరాదనుట స్లైడున కెక్కింపక, గడిపై వ్రేలుంచి ఆశా కార్యకర్త కోయభాషలో చెప్పవలసిన మాటలు.