తన పాటనే తాను కాపీ కొట్టాడట!

1988. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక ఫెడరల్ కోర్టు. సాక్షి బోనులో ఉన్న మనిషి చేతిలో గిటార్. జ్యూరీ ముందు తీగలు మీటుతూ, తన పాటలు ఎలా పుడతాయో వివరిస్తున్నాడు. ఇంతకీ అతని మీద కేసేంటో తెలుసా? ఒక పాత పాటను కాపీ కొట్టి కొత్త పాట చేశాడని. మరి ఆ పాత పాట రాసిందెవరు అంటే... అది కూడా అతనే!

అతని పేరు జాన్ ఫోగర్టీ. అమెరికన్ రాక్ బ్యాండ్ ‘క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్’కి గొంతు, గిటార్, పెన్ను అన్నీ అతనే. ఫ్యాన్స్ ముద్దుగా సీసీఆర్ అంటారు. పేరు వినలేదా? పాట మాత్రం వినే ఉంటారు. మన నాగచైతన్య నటించిన ‘లాల్ సింగ్ చడ్డా’కి మూలం ‘ఫారెస్ట్ గంప్’ కదా, అందులో హీరో హెలికాప్టర్‌లో వియత్నాం చేరుకునేటప్పుడు వచ్చే పాట వీళ్లదే.

స్కూల్ ఫ్రెండ్స్ బ్యాండ్

కాలిఫోర్నియాలో ఎల్ సెరిటో అనే చిన్న ఊరు. 1959లో జాన్, స్టూ కుక్, డగ్ క్లిఫర్డ్ అనే ముగ్గురు స్కూల్ పిల్లలు ‘బ్లూ వెల్వెట్స్’ పేరుతో వాయించడం మొదలుపెట్టారు. తర్వాత జాన్ అన్న టామ్ కూడా కలిశాడు. అప్పట్లో మెయిన్ సింగర్ టామే. తమ్ముడి గొంతు తనకంటే బాగుందని అర్థమయ్యాక మైకు తమ్ముడికి వదిలి, పక్కన గిటార్ వాయించడానికి సిద్ధపడ్డాడు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

1964లో ఫ్యాంటసీ రికార్డ్స్ అనే చిన్న కంపెనీ వీళ్లను తీసుకుంది. బ్యాండ్ పేరును ‘గాలివాగ్స్’ అని మార్చేసింది. ఆ పేరు వీళ్లెవరికీ నచ్చలేదు. కొన్నేళ్లు ఏ పాటా పెద్దగా ఆడలేదు. పైగా జాన్, డగ్ ఇద్దరూ మిలిటరీ రిజర్వు డ్యూటీలకు వెళ్లాల్సి వచ్చింది. 1967లో సాల్ జెంజ్ అనే ఆయన కొందరితో కలిసి ఫ్యాంటసీని కొన్నాడు. కుర్రాళ్లు కొత్త పేరు పెట్టుకున్నారు, కొత్త కాంట్రాక్టు మీద సంతకాలు చేశారు. పాటల హక్కులు కంపెనీకి వెళ్లాయి. ఇరవై రెండేళ్ల వయసులో, ఒక్క హిట్టూ లేనప్పుడు, కాగితంలో ఏముందో ఎవరు పట్టించుకుంటారు?

ఏడాదిలో 3 ఆల్బమ్‌లు

ఆ తర్వాత జరిగింది మామూలు స్పీడు కాదు. 1969 ఒక్క ఏడాదిలోనే ‘బేయూ కంట్రీ’, ‘గ్రీన్ రివర్’, ‘విల్లీ అండ్ ద పూర్ బాయ్స్’ అని మూడు ఆల్బమ్‌లు. 1970లో ఇంకో రెండు. అందులో ఒకదాని పేరు ‘కాస్మోస్ ఫ్యాక్టరీ’. కాస్మో అంటే డ్రమ్మర్ డగ్ ముద్దుపేరు. ఫ్యాక్టరీ డ్యూటీకి వెళ్లినట్టు రోజూ వెళ్లి ప్రాక్టీస్ చేసేవారు కాబట్టి ఆ చోటుకి ఆ పేరు.

సౌండ్ విషయానికొస్తే, అప్పటి శాన్‌ఫ్రాన్సిస్కో బ్యాండ్ల దారి వేరు. గ్రేట్‌ఫుల్ డెడ్ లాంటి వాళ్లు స్టేజీ ఎక్కితే ఒక్కో పాటను పావుగంట, అరగంట సాగదీసేవారు. సీసీఆర్ హిట్లు చాలావరకు రెండు మూడు నిమిషాలే. గిటార్ మీద గుర్తుండిపోయే ఓ చిన్న ముక్క, డ్రమ్స్ మీద తిన్నని దరువు, పైన బొంగురు గొంతుతో జాన్ అరుపు. అంతే. బ్లూస్, కంట్రీ, పాతకాలపు రాక్ అండ్ రోల్ కలిపిన ఈ తరహాను ‘స్వాంప్ రాక్’ అంటారు. స్వాంప్ అంటే చిత్తడి నేల. పాటల నిండా లూసియానా చిత్తడి నేలలు, మిసిసిపీ నది పడవలు. విన్నవాళ్లంతా వీళ్లు దక్షిణాది వాళ్లే అనుకున్నారు. నిజానికి జాన్ అవి రాసేనాటికి ఆ ప్రాంతం చూడనే లేదు. రికార్డులు విని, ఊహించుకుని రాశాడు.

బిల్‌బోర్డ్ హాట్ 100లో వీళ్ల సింగిల్స్ ఐదు రెండో స్థానం దాకా వెళ్లాయి. ఒక్కటీ మొదటి స్థానానికి చేరలేదు! 1969 వుడ్‌స్టాక్ ఫెస్టివల్‌లోనూ అలాంటి దురదృష్టమే. గ్రేట్‌ఫుల్ డెడ్ తర్వాత వీళ్ల వంతు వచ్చేసరికి అర్ధరాత్రి దాటింది, జనం చాలామంది నిద్రలో ఉన్నారు. తమ ప్రదర్శన బాగా రాలేదని జాన్ దాన్ని సినిమాలో పెట్టనివ్వలేదు. ఆ రికార్డింగ్ పూర్తి ఆల్బమ్‌గా బయటకు వచ్చింది 2019లో. అంటే 50 ఏళ్ల తర్వాత.

అన్న వెళ్లిపోయాడు

పాటలు రాసేది జాన్, పాడేది జాన్, ప్రొడ్యూస్ చేసేది జాన్. ఆఖరికి మేనేజర్ పని కూడా అతనే చూసుకున్నాడు. హిట్లు వస్తున్నంత కాలం సరే. కానీ మిగతా ముగ్గురికీ మా మాటకు విలువ లేదా అనిపించింది. ఒకప్పుడు మైకు వదులుకున్న టామ్ 1971లో బ్యాండే వదిలేశాడు. ‘హ్యావ్ యూ ఎవర్ సీన్ ద రెయిన్’ను చాలామంది వియత్నాం యుద్ధం పాట అనుకుంటారు. జాన్ చెప్పింది వేరు. అంతా బాగున్నట్టు పైకి కనిపిస్తున్నా లోపల బ్యాండ్ విడిపోతున్న బాధే ఆ పాట.

మిగిలిన ముగ్గురూ రాతా పాటా పంచుకుని 1972లో ‘మార్డీ గ్రా’ ఆల్బమ్ చేశారు. అలా పంచుకోవాలన్నది మీరే అని ఒకరు, కాదు మీరే అని ఇంకొకరు, ఇప్పటికీ ఎవరి వెర్షన్ వాళ్లదే. ఆల్బమ్‌కి మంచి పేరు రాలేదు. అదే ఏడాది అక్టోబర్‌లో బ్యాండ్ ముగిసింది.

రాసింది ఒకరు, ఓనర్ ఇంకొకరు

అసలు గొడవ ఇక్కడే. ఫ్యాంటసీ కాంట్రాక్టు నుంచి బయటపడటానికి జాన్ తన పాత పాటల రాయల్టీలు కూడా వదులుకున్నాడు. ఇక ఆ పాటలు పాడితే జెంజ్‌కి డబ్బులు వెళ్తాయని, వాటిని స్టేజీ మీద పాడటమే మానేశాడు. సాల్ జెంజ్ మాత్రం సినిమాల్లోకి దిగి ‘అమెడియస్’ లాంటి చిత్రాలతో ఆస్కార్లు కొట్టాడు.

1985లో జాన్ ‘సెంటర్‌ఫీల్డ్’తో తిరిగొచ్చాడు. ఆల్బమ్ నంబర్ వన్. అందులోని ‘ది ఓల్డ్ మ్యాన్ డౌన్ ద రోడ్’ తమ దగ్గరున్న 1970 నాటి ‘రన్ త్రూ ద జంగిల్’కి కాపీ అంటూ ఫ్యాంటసీ కోర్టుకెక్కింది. జాన్ గిటార్ పట్టుకుని బోనెక్కింది ఆ కేసులోనే. జ్యూరీ అతనికే ఓటేసింది.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. ఉద్యోగంలో చేరేటప్పుడు మనం సంతకం పెట్టే కాగితాల్లో ‘ఇక్కడ రాసే కోడ్ కంపెనీదే’ అని ఓ లైను ఉంటుంది. న్యాయమే, జీతం తీసుకుంటున్నాం కదా. కానీ కంపెనీ మారినా మన కోడ్ రాసే తీరు మనతోనే వస్తుంది. రేపు ఎవరైనా ‘నీ తీరు కూడా మాదే’ అంటే? జాన్ కేసులో తేలింది ఇదే. పాట కంపెనీదైనా, ఆ పాట పుట్టించే చెయ్యి మాత్రం మనిషిదే.

కథ అక్కడితో ఆగలేదు. లాయర్ ఫీజులు తిరిగి ఇప్పించాలని జాన్ అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1994లో గెలిచాడు. కాపీరైట్ కేసు వేసి గెలిచినవాళ్లకైనా, కేసును ఎదుర్కొని గెలిచినవాళ్లకైనా ఫీజుల విషయంలో ఒకే కొలత ఉండాలన్నది తీర్పు. ఆ కేసు నేటికీ అక్కడి లా కాలేజీల్లో పాఠం.

కానీ కోర్టు ఇప్పించలేనివి కొన్నుంటాయి. అన్నదమ్ముల మధ్య పూర్తిగా రాజీ కుదరకుండానే 1990లో టామ్ చనిపోయాడు. 1993లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం దక్కిన రోజున స్టూ, డగ్‌లతో కలిసి వాయించడానికి జాన్ ఒప్పుకోలేదు.

మన దగ్గరా ఇలాంటి చర్చ నడిచింది. 2017లో తన పాటలు అనుమతి లేకుండా పాడొద్దని ఇళయరాజా ఎస్పీ బాలుకి నోటీసు పంపినప్పుడు ‘పాట ఎవరిది?’ అని అందరూ వాదించుకున్నాం.

50 ఏళ్లకు చేతికొచ్చింది

2004లో ఫ్యాంటసీని కాంకర్డ్ అనే కంపెనీ కొని, జాన్ రాయల్టీలను తిరిగి ఇచ్చింది. 2023 జనవరిలో, 77 ఏళ్ల వయసులో, తన పాటల పబ్లిషింగ్ హక్కుల్లో మెజారిటీ వాటా జాన్ సొంతమైంది. అయితే పాట మీద హక్కు వేరు, రికార్డింగ్ మీద హక్కు వేరు. పాత రికార్డింగులు కంపెనీవే. అందుకే టేలర్ స్విఫ్ట్ రూట్‌లో, 2025లో 80 ఏళ్ల జాన్ తన కొడుకులతో కలిసి ఆ పాటల్ని మళ్లీ రికార్డ్ చేశాడు.

ఇయర్‌ఫోన్స్ తీయండి

ప్రౌడ్ మేరీ: మిసిసిపీ పడవ పాట. టీనా టర్నర్ వెర్షన్ కూడా సూపర్ హిట్. ‘నువ్వు పాడకపోతే ఇది టీనా పాటే అనుకుంటారు’ అని 1987లో బాబ్ డిలన్ అన్నాకే జాన్ మళ్లీ పాడాడు.

ఫార్చ్యునేట్ సన్: పెద్దింటి పిల్లలు తప్పించుకునే యుద్ధానికి పేదింటి పిల్లలు వెళ్లడం మీద కోపం.

బ్యాడ్ మూన్ రైజింగ్: ట్యూన్ హుషారు, మాటలు మాత్రం ప్రళయం.

చివరగా, ‘రన్ త్రూ ద జంగిల్’, ‘ది ఓల్డ్ మ్యాన్ డౌన్ ద రోడ్’ వెంటవెంటనే వినండి. మీరే జ్యూరీ అయితే ఏం చెప్పేవారు?