అర్జీ పెట్టడానికి మొహమాటమెందుకు?

శామీర్‌పేటలో మాకు చెల్లెలి వరసయ్యే ఒకావిడ ఉంది. భర్త సైన్యంలో నాయక్‌గా చేసి పింఛను మీద వచ్చాడు. వచ్చిన నాలుగేళ్లకే గుండెనొప్పితో పోయాడు. పిల్లలిద్దరు. కొడుకు తొమ్మిది పాసయ్యాడు గానీ లెక్కల్లో అత్తెసరు మార్కులే. ఓ ఆదివారం మేడ్చల్‌లో మా ఇంటికొచ్చి, "పది గట్టెక్కుతడో లేదో అక్కా! ట్యూషన్‌కు నెలకు పన్నెండు వందలంటున్నరు, ఏడకెల్లి తేవాలె?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

అమెరికాలో మాజీ సైనికుల చదువు పథకం కింద, కాలేజీలో ఏదైనా సబ్జెక్టులో వెనకబడితే ట్యూషన్‌కని నెలకు 100 డాలర్ల వరకు, మొత్తం మీద 1,200 డాలర్ల దాకా ఇస్తారు. మన దగ్గర ట్యూషన్ పేరుతో విడిగా లేదు గానీ, కేంద్రీయ సైనిక్ బోర్డు ద్వారా విద్యా గ్రాంటు ఉంది. హవల్దారు, అంతకు దిగువ ర్యాంకుల వారి పిల్లలు ఇద్దరికి, ఒకటో తరగతి నుంచి డిగ్రీ వరకు. ఒకప్పుడు నెలకు 1,000 రూపాయల లెక్క. 2025 నవంబరు 1 నుంచి పెట్టుకున్న దరఖాస్తులకు 2,000 చేశారు. భర్తను పోగొట్టుకున్నావిడ రెండేళ్ల పీజీ చదువుతానన్నా ఇస్తారు. చదువుకిచ్చే డబ్బు, ట్యూషన్ మాస్టారికిచ్చినా చదువుకే గదా!

ఈ మాట చెప్తే ఆవిడ ముఖం ముడుచుకుంది. "ఆయన ఉన్నన్ని దినాలు ఎవ్వరి ముందట చెయ్యి చాపలే. ఇప్పుడు నేను అడుక్కోవాల్నా?"

నాకు చిన్నప్పటి బడి గుర్తొచ్చింది. డిసెంబరు 7న టీచరమ్మ చిన్న కాగితం జెండాలు పంచితే, చిల్లర డబ్బులిచ్చి జాకెట్టుకు గుచ్చుకునేవాళ్లం. 1949 నుంచీ జరుగుతున్న సాయుధ దళాల పతాక దినమది. "ఈ గ్రాంటు ఆ నిధిలోంచి వచ్చేదే. నేనేసిన పావలా కూడా అందులో ఉందే పిచ్చిదానా!" అంటే అప్పటికి నవ్వింది.

ఇక కాగితాల గొడవ. డిశ్చార్జి పుస్తకం, గుర్తింపు కార్డు, మార్కుల షీటు, బ్యాంకు పాసుబుక్కు, ఆధార్, వేరే ఎక్కడా చదువు భత్యం తీసుకోవడం లేదన్న ధ్రువపత్రం. ట్రంకుపెట్టెలోంచి అన్నీ దొరికాయి. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. నెట్ సెంటర్ కుర్రాడు ఓపిగ్గా అన్నీ ఎక్కిస్తూ హఠాత్తుగా ఆగాడు. డిశ్చార్జి పుస్తకంలో పిల్లవాడికి ఇంటిపేరు ముందుంది, బడి కాగితాల్లో అసలు ఇంటిపేరే లేదు. పుట్టిన తేదీలోనూ రెండ్రోజుల తేడా! బడిలో చేర్పించిననాడు ఎవరో నోటికొచ్చింది రాయించారు. ఆయన అప్పుడు సరిహద్దులో ఉన్నాడు, ఈవిడేమో చూసుకోలేదు.

అమ్మలూ, ఈ ఒక్క పని మాత్రం ఇవాళే చేయండి. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. పదో తరగతి మెమో చేతికొచ్చాక బడి రికార్డు దిద్దించడం మహా కష్టం. అసలు పిల్లల పేరే సైన్యం రికార్డుల్లో ఎక్కకపోతే, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా ఆయన రెజిమెంటు రికార్డు ఆఫీసుకు రాసుకోవాలి. దానికి నెలలు పడుతుంది.

మా అదృష్టం, పది పరీక్షలకు బడివాళ్లు ఇంకా పేర్లు పంపలేదు. జనన ధ్రువపత్రంతో హెడ్మాస్టరు దగ్గరికి మూడుసార్లు తిరిగాం. మూడోసారి నేను కాస్త గట్టిగానే మాట్లాడాల్సి వచ్చింది. పేరు మారింది, అర్జీ వెళ్లింది.

డబ్బు ఇంకా పడలేదు. ట్యూషన్ మాస్టారు ఆగుతానన్నారు, పిల్లవాడు వెళ్తున్నాడు. మొన్న ఆవిడ ఫోన్ చేసి, కూతురు ఇంటర్ తర్వాత బీటెక్ అంటోందని చెప్పింది. 60 శాతం తెచ్చుకుంటే ప్రధానమంత్రి స్కాలర్‌షిప్‌కు పెట్టవచ్చు, ఆడపిల్లలకు నెలకు 3,000 అన్నాను. "అయితే దాని కాగితాలు గూడ ఇప్పుడే చూద్దామక్కా" అంది. ఈసారి ట్రంకుపెట్టె తనే తెరిచిందట.