జామచెట్టు కొట్టేద్దామా?

గత నెల ఆరాధన అయ్యాక ఒక బాబు మందిర ఆవరణలోని జామచెట్టు మీద నుంచి జారి మోచేయి గీసుకున్నాడు. చెట్టు కొట్టించేద్దామని సంఘ పెద్దల్లో కొందరన్నారు. నేనూ మొదట సరేనన్నాను.

ప్రియ పాఠకులారా, పిల్లవాడికి కనబడని అపాయం వేరు, వాడు చూసి తేల్చుకోగల సాహసం వేరు. మూతలేని బావి, పుచ్చిన కొమ్మ, గేటు బయట లారీలు... వీటిని తప్పించడం పెద్దల పని. ఎంత ఎత్తు ఎక్కాలి, ఎక్కడ ఆగాలి అన్నది మాత్రం వాడే కాలు మోపి, కొమ్మ ఊపి తెలుసుకోవాలి. ఆ అవకాశం దొరకని పిల్లలకు అనవసర భయమైనా మిగులుతుంది, హద్దెరుగని తెగింపైనా.

నార్వే పరిశోధకురాలు ఎలెన్ సాండ్‌సెటర్ 2007లో ఇలాంటి ఆటలను ఆరు రకాలుగా విభజించారు: ఎత్తులు, వేగం, పదునైన పనిముట్లు, నీరు నిప్పుల దగ్గర ఆటలు, కుస్తీపట్లు, పెద్దల కంటికి దూరంగా తిరగడం. డెన్మార్క్‌లోని ఎమ్‌డ్రుప్‌లో 1943లోనే పాత చెక్కలు, ఇటుకలు ఇచ్చి పిల్లలనే కట్టుకోనిచ్చారు. ఇసుక కుప్పల మీద పెరిగిన మన తరానికి ఇదేమంత వింత కాదు!

అలాగని పిల్లల్ని వదిలేసి కబుర్లలో పడమని కాదు. చెట్టు కింద రాళ్లు ఏరేసి, దగ్గరే నిలబడండి. ఎత్తి కొమ్మ మీద కూర్చోబెట్టకండి. తానుగా ఎక్కలేనివాడు తానుగా దిగడం కష్టం. "పడతావ్!" అని అరిస్తే బెదిరి పట్టు వదులుతాడు. "ఇప్పుడు కాలెక్కడ పెడతావు నాన్నా?" అని అడగండి.

చివరికి ఎండిన కొమ్మ ఒక్కటే కోయించాం. మరుసటి ఆదివారం ఆ బాబే అందరికంటే ముందు చెట్టెక్కాడు. వాళ్లమ్మ కిందే నిలబడింది.