పాత ట్రక్కుకు టర్బో: శక్తితో పాటు వచ్చే వేడి

అమెరికాలో పాత వి8 పెట్రోలు పికప్ ట్రక్కులను రోజూ నడిపేవారిలో కొందరు వాటికి రెండు టర్బోచార్జర్లు అమర్చుకుంటారు. ఈ ఇంజన్‌లో సిలిండర్లు రెండు వరుసల్లో ఉంటాయి కనుక వరుసకొకటి.

పొగగొట్టంలో వృథాగా పోయే వేడి వాయువులు టర్బైన్‌ను తిప్పుతాయి. అదే ఇరుసుకు బిగించిన కంప్రెసర్ గాలిని ఇంజన్‌లోకి నెడుతుంది. గాలి పెరిగితే ఎక్కువ ఇంధనం మండి, శక్తి పెరుగుతుంది. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకి 1905లో పేటెంటు కోరిన ఆలోచన ఇదే.

అయితే సైకిల్ పంపు కొడితే దాని అడుగు కాలినట్టే, నొక్కిన గాలీ వేడెక్కుతుంది. 30 డిగ్రీల సెల్సియస్ గాలి ఒత్తిడిని ఒకటిన్నర రెట్లు చేశామనుకుందాం. కంప్రెసర్ సామర్థ్యం 70 శాతమైతే ఆ గాలి సుమారు 83 డిగ్రీలకు చేరుతుంది. వేడికి వ్యాకోచిస్తుంది కనుక అదనంగా దక్కే గాలి 50 శాతం కాదు, దాదాపు 28 శాతమే. ఇంటర్‌కూలర్‌తో 45 డిగ్రీలకు చల్లబరిస్తే 43 శాతం దాకా దక్కుతుంది.

వేడితో మరో ముప్పు 'నాకింగ్'. స్పార్క్ ప్లగ్ రాజేసిన మంట చేరకముందే మిగిలిన పెట్రోలు మిశ్రమం తనంతట తానే అంటుకుని పిస్టన్లను దెబ్బతీస్తుంది. బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఈ ప్రమాదం ఎక్కువ.

అందుకే రోజూ తిరిగే పాత బండికి ముందు సిలిండర్ల కంప్రెషన్ పరీక్ష చేయించాలి. ఆపై ఒత్తిడిని పరిమితంగా ఉంచి, ఇంధన మోతాదును, స్పార్క్ సమయాన్ని సరిచేయాలి. టర్బో ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరగగలదు. దాన్ని మోసేది పలుచని నూనె పొరే. కాబట్టి ఇంజన్ ఆయిల్‌ను వేళకు మార్చాలి.