విడదీసినా చెడని ఓడ

మా మొదటి అంతరిక్ష నౌక చూడటానికి చాలా బాగుండేది. కోసుగా ముక్కు, వాలుగా రెక్కలు, పైన నున్నటి కప్పు. దసరా సెలవులన్నీ కూర్చుని లెగో ఇటుకలతో కట్టాం. తీరా ఆట మొదలుపెట్టిన రోజే అది పనికిరాదని తెలిసింది. బొమ్మలు లోపల, మేము బయట. ఎవరు ఎక్కడ నిలబడ్డారో కనిపించదు. చెయ్యి దూరిస్తే గోడ ఊడుతుంది. ఆ వారమే మాలో ఒకరి ఇంటివాళ్లు ఒక సెక్టార్ నుంచి ఇంకో సెక్టార్‌లోని క్వార్టర్‌కి మారారు. ఆటోలో పది నిమిషాల దారి. సామానంతా క్షేమంగా చేరింది. ఓడ మాత్రం ముక్కలై చేరింది.

మేము నలుగురం. ఒకరి నాన్నగారు రైల్వేలో, ఒకరి అమ్మగారు బ్యాంకులో, మిగతా ఇద్దరి నాన్నలు సి.ఐ.ఎస్.ఎఫ్.లో పనిచేస్తారు. భిలాయిలో ఎవరం ఎన్నాళ్లుంటామో ఎవరికీ తెలియదు. అందుకే రెండో ఓడ కట్టే ముందు ఒక ప్రశ్న వేసుకున్నాం. విడదీసి పెట్టెలో సర్దినా, మళ్లీ తీసి కలిపితే అలాగే కుదిరే ఓడను ఎలా కట్టాలి? మాకు దొరికిన జవాబే ఈ వ్యాసం.

ముందు ఆట సంగతి

ఇది బల్ల చుట్టూ కూర్చుని కథ చెప్పుకుంటూ ఆడే ఆట. ఒకరు కథ నడుపుతారు. నాటకాల్లోలాగా వారిని మేము సూత్రధారి అంటాం. మిగతావారు తలా ఒక పాత్ర. "ఇంజను గదిలో పొగ వస్తోంది, ఏం చేస్తారు?" అని సూత్రధారి అడుగుతారు. "నేను పరిగెత్తి వెళ్లి మంట ఆర్పుతాను" అని ఒకరు చెబుతారు. మంట ఆరుతుందో లేదో పాచికలు తేలుస్తాయి. గెలుపు ఓటములు ఉండవు. కథ ముందుకు సాగాలి, అంతే.

ఇలాంటి ఆటల్లో మొదట అచ్చైనది 1974లో అమెరికాలో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్. అంతరిక్షంలో తిరిగే కథల కోసం 1977లో ట్రావెలర్ అనే ఆట వచ్చింది. అందులో రెండు పాచికలు వేసి, మొత్తం 8 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే పని జరిగినట్టు. రెండు పాచికలు 36 రకాలుగా పడవచ్చు. వాటిలో 15 మాత్రమే మనకు కలిసొస్తాయి. లెక్కల పుస్తకంలోని సంభావ్యత ఇక్కడ ప్రాణం మీదికి వస్తుంది!

ఈ ఆటకు ఓడ బొమ్మ తప్పనిసరి కాదు. కాగితం మీద గీసిన పటం చాలు. కానీ ఓడ కళ్ల ముందు ఉంటే, "నేను తలుపు దగ్గరే ఉన్నాను", "కాదు, దూరంగా ఉన్నావు" అనే తగాదా ఉండదు. గడులు లెక్కపెడితే సరిపోతుంది.

ఇటుక కొలతలు

లెగో సంస్థ 1932లో డెన్మార్క్‌లో మొదలైంది. ఇప్పుడు మనం చూసే ఇటుకకు 1958 జనవరి 28న పేటెంటు కోరారు. ఏడాదీ ఒక వారం తర్వాత, 1959 ఫిబ్రవరి 4న, మన భిలాయిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. అంటే ఆ ఇటుకకూ మన ఫర్నేసుకూ ఇంచుమించు ఒకటే వయసు.

ఇటుక మీది ఒక బొడిపె మధ్య నుంచి పక్క బొడిపె మధ్యకు 8 మి.మీ. ఇటుక ఎత్తు 9.6 మి.మీ. పలుచటి పలకలు మూడు పేరిస్తే ఒక ఇటుక ఎత్తు వస్తుంది. ఈ కొలతలు మారలేదు కాబట్టే 1958 నాటి ఇటుక ఇవాళ్టి ఇటుకకూ పడుతుంది. ఒకే రంగు 2×4 ఇటుకలు ఆరింటిని 91,51,03,765 రకాలుగా కలపవచ్చని గణితజ్ఞులు లెక్కగట్టారు. ఇన్ని దారులున్నప్పుడు నలుగురు నాలుగు చోట్ల కూర్చుని కడితే ఎలా కలుస్తుంది? ముందుగా ఒక ఒప్పందం ఉండాలి.

మా ఒప్పందం

ఓడ మొత్తాన్ని ఒకేసారి కట్టం. గదులు గదులుగా కడతాం. ప్రతి గదికీ అడుగున 16×16 బొడిపెల పలక. అంటే 128 మి.మీ. చదరం. అంచు చుట్టూ రెండు బొడిపెల మందంతో గోడ. లోపల 12×12 మిగులుతుంది. నాలుగు బొడిపెలకు ఒక గడి చొప్పున అందులో తొమ్మిది గడులు పడతాయి. గడి వెడల్పు 32 మి.మీ. ట్రావెలర్ ఓడల పటాల్లో ఒక గడి అంటే 1.5 మీటర్లు. ఆ లెక్కన 40 మి.మీ. ఎత్తుండే లెగో మనిషి సుమారు 1.9 మీటర్ల ఆసామి. కాస్త పొడుగే, అయినా ఫరవాలేదు.

గోడ ఎత్తు రెండు ఇటుకలే. కప్పు లేదు. బొమ్మల కొలువుకు కప్పు వేస్తామా? అందరూ చూడాలి, అందరి చేతులూ అందాలి. మొదటి ఓడ నేర్పిన పాఠం ఇదే.

తలుపు ప్రతి గోడకూ సరిగ్గా మధ్యలో ఉండాలి. ఆరు బొడిపెల గోడ, నాలుగు బొడిపెల తలుపు, మళ్లీ ఆరు బొడిపెల గోడ. ఇలా ఉంటే ఏ గదికి ఏ గదినైనా, ఏ వైపునుంచైనా ఆనించవచ్చు. రెండు గదులు ఆనించాక తలుపుల చోట 4×4 ఖాళీ ఏర్పడుతుంది. అందులో ఒక 4×4 పలక నొక్కితే సగం ఈ గదిని, సగం ఆ గదిని పట్టుకుంటుంది. దాన్ని మేము గడప అంటాం. ఇంకా గట్టిగా ఉండాలంటే గోడల మీద కూడా అడ్డంగా రెండు 2×4 పలకలు వేయాలి. వాటినీ గడపనూ ఊడదీస్తే గదులు విడిపోతాయి, ఏ గోడా పడదు.

ఒక గదికి 2×4 ఇటుకలు 16, 2×2 ఇటుకలు 8 చాలు. ప్రతి మూలకూ వరుసకు రెండు పెద్దవి, ఒకటి చిన్నది. పై వరుసలో అతుకులు కింది అతుకుల మీదికి రాకుండా చూడాలి. మేస్త్రీలు చేసేదీ అదే. వాడని తలుపుకు 2×4 ఇటుకలు రెండు పేర్చి మూత పెట్టవచ్చు. గది లోపల మాత్రం ఎవరి ఇష్టం వారిది. ఒకరు ఇంజను పెట్టారు, ఒకరు వంటగది కట్టి ఇడ్లీ పాత్ర కూడా చేశారు!

పెద్దలు చేసేదీ ఇదే

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రాన్ని కూడా ఇలాగే గదులు గదులుగా కట్టారు. రష్యాలో తయారైన జర్యా 1998 నవంబరులో పైకి వెళ్లింది. అమెరికాలో తయారైన యూనిటీ డిసెంబరులో వెళ్లి దానికి అతుక్కుంది. నేల మీద ఎన్నడూ కలవని రెండు గదులు కక్ష్యలో కలిశాయి. కొలతల మీద ముందే మాట కుదిరింది కాబట్టే అది సాధ్యమైంది.

అంత దూరం ఎందుకు? మన ఊరి కార్ఖానాలో 130 మీటర్ల పొడవైన రైలు పట్టాలు తయారవుతాయి. రెండింటిని అతికి 260 మీటర్లు చేసి పంపుతారు. ఆ పట్టా ఎక్కడికి వెళ్తుందో ఇక్కడ దాన్ని చేసినవారికి తెలియనక్కర్లేదు. బ్రాడ్‌గేజ్ పట్టాల మధ్య దూరం దేశమంతటా 1676 మి.మీ. కొలత కుదిరింది కాబట్టి, భిలాయి పట్టా ఎక్కడికి వెళ్లినా అక్కడి పట్టాతో కలుస్తుంది.

మార్చిలో మాలో ఒకరి నాన్నగారికి విశాఖపట్నం బదిలీ అయింది. చివరి ఆదివారం ఆట ఆడాక అందరం కాసేపు మాట్లాడుకోలేదు. తర్వాత తన ఇంజను గదిని ఊడదీసి చెప్పుల అట్టపెట్టెలో పెట్టుకున్నాడు. గడప కూడా ఒకటి ఇచ్చాం. అక్కడ కొత్త మిత్రులు దొరికితే, కొలతలు చెబితే చాలు, వాళ్ల గదులు అతని గదికి కలుస్తాయి.

ఇప్పుడు మా ఓడకు మూడు గదులే. ఇంజను లేని ఓడ కథలో ఎలా కదలాలా అని మా సూత్రధారి ఆలోచిస్తున్నారు. జూన్‌లో బడి తెరిచాక మా తరగతికి ఎవరో కొత్తవారు వస్తారు, ఏటా వస్తారు. ఇంజను గది ఉన్న వైపు తలుపుకు మేము మూత పెట్టలేదు.