పెద్ద టైరు – సన్న ఇరుసు

సీతారామపురం బస్టాండులో నిలబడి పడమటికి చూడండి. వెలిగొండలు అడ్డంగా గోడ కట్టినట్లు కనిపిస్తాయి. ఆ కొండలు దాటితే కడప జిల్లా. కొండ కింద పల్లెలకు పోయే బాటల్లో రాళ్ళు, వంకలు, వానాకాలంలో బురద. ఇలాంటి చోట జీపులు, వ్యానులు నడిపేవారికి ఒక ఆలోచన తట్టడం సహజం. "చక్రాలకు ఇంకాస్త పెద్ద టైర్లు వేస్తే రాళ్ళమీద నుంచి సులువుగా పోదుమే!" అని.

ఆలోచనలో తప్పేమీ లేదు. టైరు వ్యాసార్థం 4 సెంటీమీటర్లు పెరిగితే ఇరుసు నేలనుండి 4 సెంటీమీటర్లు పైకి లేస్తుంది. అడుగున రాయి తగలదు. పెద్ద చక్రం గుంటలో తక్కువ దిగుతుంది. అయితే పెద్ద టైర్లు వేయించిన కొద్ది నెలలకే కొన్ని బండ్లు ఎక్కుడు దారిలో 'టప్' మని చప్పుడు చేసి నిలిచిపోతాయి. విప్పి చూస్తే యాక్సిల్ విరిగి ఉంటుంది, లేదా జాయింటు క్రాసు పగిలి ఉంటుంది. టైరు చెక్కుచెదరదు! టైరు మారిస్తే లోపలి ఇరుసు ఎందుకు విరగాలి? దీనికి జవాబు మీ భౌతికశాస్త్రం పుస్తకంలోనే ఉంది. రండి, వెదుకుదాం.

చక్రం కూడా ఒక మీటే

తలుపును బందు దగ్గర పట్టుకుని నెట్టి చూడండి. కదలదు. గడియ దగ్గర నెట్టండి, వేలితోనే తెరుచుకుంటుంది. బలం ఒక్కటే చాలదు, ఇరుసు నుంచి ఎంత దూరంలో పనిచేస్తుందన్నదీ ముఖ్యమే. బలాన్ని ఆ దూరంతో గుణిస్తే వచ్చేది బల భ్రామకం. మెకానిక్కులు దానినే టార్క్ అంటారు.

బండి చక్రంలో ఇది తిరగబడి ఉంటుంది. ఇంజను ఇరుసును మెలిపెడుతుంది. టైరు అంచు నేలను వెనక్కి తోస్తుంది. నేల టైరును ముందుకు తోస్తుంది. ఇక్కడ దూరం అంటే టైరు వ్యాసార్థమే.

ఒక లెక్క చేద్దాం. ఒక వ్యాను సరుకుతో కలిపి 2400 కిలోలు ఉందనుకోండి. దాని ఇంజను 150 న్యూటన్-మీటర్ల టార్క్ ఇస్తుంది. మొదటి గేరు దాన్ని 4 రెట్లు, క్రౌన్ పినియన్ 5 రెట్లు పెంచుతాయి. అంటే చక్రాలకు మొత్తం 3000 న్యూటన్-మీటర్లు చేరతాయి. టైరు వ్యాసార్థం 33 సెంటీమీటర్లు అయితే, 3000ను 0.33తో భాగించండి. బండిని తోసే బలం సుమారు 9090 న్యూటన్లు. వ్యాసార్థం 37 సెంటీమీటర్లు చేస్తే అది 8108 న్యూటన్లకు పడిపోతుంది.

ఇప్పుడు 3 మీటర్ల దారికి 1 మీటరు ఎత్తు లేచే కొండబాట ఎక్కాలి. బండి బరువు సుమారు 24000 న్యూటన్లు. అందులో మూడోవంతు, అంటే 8000 న్యూటన్లు, బండిని వెనక్కి లాగుతాయి. పాత టైర్లతో 1090 న్యూటన్లు మిగిలేవి. కొత్త టైర్లతో మిగిలేది 108 మాత్రమే! రాళ్ళు, ఇసుక ఆ కాస్తనూ మింగేస్తాయి. బండి ఎక్కలేదు. అప్పుడు డ్రైవరు ఏం చేస్తాడు? ఇంజనును బాగా రేపి క్లచ్చిని ఒక్కసారిగా వదులుతాడు. కష్టాలు అక్కడ మొదలవుతాయి.

సుద్దముక్క చెప్పే పాఠం

క్లాసులో ఒక కొత్త సుద్దముక్క తీసుకోండి. రెండు చివరలా పట్టుకుని, వంచకుండా, తడిబట్ట పిండినట్లు మెలితిప్పండి. విరుగుతుంది. విరిగిన చోటు చూడండి. అది అడ్డంగా కోసినట్లు ఉండదు, ఏటవాలుగా మర చుట్టినట్లు ఉంటుంది. మెలితిప్పినప్పుడు వస్తువులోపల 45 డిగ్రీల వాలులో సాగదీసే ఒత్తిడి పుడుతుంది. సుద్ద సాగదీతకు ఓర్చుకోలేదు కనుక ఆ గీత వెంటే చీలిపోతుంది.

ఇరుసూ ఇలాగే మెలిపడుతుంది. ఎంత మెలికకు ఓర్చుకుంటుందన్నది దాని లావు మీద ఆధారపడుతుంది. అదీ వ్యాసం పెరిగినంతే కాదు, వ్యాసం ఘనం పెరిగినంత! 25 మిల్లీమీటర్ల ఇరుసు తీసుకుంటే 25 ఘనం 15625. 26 ఘనం 17576. అంటే ఒక్క మిల్లీమీటరు లావు పెంచితే బలం పన్నెండు శాతానికి పైగా పెరిగింది. 30 మిల్లీమీటర్లు చేస్తే ఒకటిన్నర రెట్లు దాటుతుంది. ఎందుకంటే మెలికను మోసేది ముఖ్యంగా పైపొర. అందుకే లారీ కింద పొడుగాటి జాయింటు షాఫ్టును బోలు గొట్టంలా చేస్తారు. నడిమి ఇనుము మోసేది తక్కువ.

ఇంకొక సంగతి. వేగం తగ్గినకొద్దీ టార్క్ పెరుగుతుంది. మన వ్యానులో ఇంజను వెనుక 150, గేరుబాక్సు దాటాక 600, క్రౌన్ పినియన్ దాటాక 3000. గొలుసులో చివరి కొక్కీలే ఎక్కువ మెలికను భరిస్తాయి. విరగడం కూడా తరచు అక్కడే.

టైరే ఫ్యూజు

ఇక్కడ మీకొక సందేహం రావాలి. ఇంజను మారలేదు, గేర్లు మారలేదు. 3000 న్యూటన్-మీటర్లు పెరగలేదు. మరి ఇరుసుకు మెలిక ఎక్కడ పెరిగింది?

మంచి ప్రశ్న. మామూలుగా ఆ 3000 నాలుగు చక్రాలకూ పంచబడుతుంది, ఒక్కొక్క దానికి 750. కాని బండి వంకలో దిగి, మూడు చక్రాలు బురదలో జారుతూ ఒక్కటే బండరాయిని పట్టుకుందనుకోండి. డిఫరెన్షియల్‌కు లాకు వేసి ఉంటే పట్టు ఉన్న ఆ ఒక్క చక్రానికే టార్క్ అంతా పోతుంది. ఎంతవరకు? టైరు జారేంతవరకు.

ఆ చక్రం మీద 600 కిలోల బరువుంటే, అంటే సుమారు 6000 న్యూటన్లు. రాయికీ టైరుకూ ఘర్షణ గుణకం 0.8 అనుకుంటే 4800 న్యూటన్లు దాటగానే టైరు జారుతుంది. 33 సెంటీమీటర్ల టైరైతే అప్పుడు ఇరుసు మీద మెలిక 4800 ఇంటూ 0.33, అంటే 1584 న్యూటన్-మీటర్లు. 37 సెంటీమీటర్ల టైరైతే 1776. పన్నెండు శాతం ఎక్కువ!

మీ ఇంట్లో మెయిను దగ్గర ఫ్యూజు చూశారు కదా. కరెంటు ఎక్కువైతే సన్నతీగ కరిగిపోయి ఇంట్లోని వైర్లను కాపాడుతుంది. బండిలో ఆ పని చేసేది జారే టైరు. టైరు జారినంతకాలం ఇరుసు క్షేమం. పెద్ద టైరు వేయడమంటే ఫ్యూజులో లావుతీగ చుట్టడమే. తీగ కరగదు, లోపల వైరు కాలుతుంది! పైగా పెద్ద టైరులో గాలి తగ్గించి నడిపితే నేలను మరింత గట్టిగా కరుస్తుంది. ఫ్యూజు ఇంకా లావవుతుంది.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది గాలిలో గిరగిర తిరుగుతున్న చక్రం టక్కున నేలను పట్టుకోవడం. బరువైన పెద్ద చక్రంలో తిరిగే శక్తి ఎక్కువ. అదంతా ఒక్క క్షణంలో ఇరుసు మీద సుత్తిదెబ్బలా పడుతుంది. అది విరగకపోయినా కంటికి కనపడని బీట పడవచ్చు. రోజూ దెబ్బతో బీట పెరిగి, ఒకనాడు చిన్న ఎక్కుడులోనే ఇరుసు తెగిపోతుంది. దీనినే లోహపు అలసట అంటారు.

నాలుగు చక్రాలూ లాగే బండి

నాలుగు చక్రాలకూ శక్తి అందే బండికి ఇంకొక నియమం ఉంది. నాలుగు టైర్లూ ఒకే కొలత ఉండాలి. ముందువి 33, వెనుకవి 32 సెంటీమీటర్ల వ్యాసార్థం ఉన్నాయనుకోండి. ఒక కిలోమీటరు పోయేసరికి ముందు చక్రం సుమారు 482 చుట్లు, వెనుకది 497 చుట్లు తిరుగుతుంది. తేడా 15 చుట్లు! ముందు, వెనుక ఇరుసులు గట్టిగా కలిపి ఉంటే ఆ తేడా ఎక్కడికి పోవాలి? బురదలో టైరు కొంచెం జారి సర్దుకుంటుంది. తారురోడ్డు మీద జారదు. లోపల షాఫ్టులు మెలిపడి బిగుసుకుంటాయి. అందుకే స్టెప్నీ కూడా అదే కొలతలో ఉండాలి.

మీ ఊరి పొలాల్లో నాలుగు చక్రాలూ లాగే ట్రాక్టరు ఉంటే దాన్ని చూడండి. ముందు చక్రాలు చిన్నవి, వెనుకవి పెద్దవి. మరి నియమం తప్పిందా? లేదు. లోపలి గేర్లు ముందు చక్రాలను అంతకు తగ్గట్టు వేగంగా తిప్పుతాయి. ఆ లెక్క ఫలానా కొలత టైర్లకే కుదురుతుంది. ఒక జత మార్చి రెండో జత వదిలేస్తే లెక్క చెడుతుంది.

ట్రాక్టరు ఇంకొక పాఠం కూడా చెబుతుంది. అంత పెద్ద చక్రం మోసే ఇరుసు ఎందుకు విరగదు? చాలా ట్రాక్టర్లలో డిఫరెన్షియల్ తరువాత, చక్రానికి దగ్గరగా, ఇంకొక గేర్ల జత ఉంటుంది. అది వేగాన్ని చివరిలో తగ్గించి టార్కును చివరిలో పెంచుతుంది. ఆ జత 4 రెట్లు పెంచితే దానికి ముందున్న గేర్లూ షాఫ్టులూ నాలుగోవంతు మెలికే మోస్తాయి. పెద్ద చక్రానికి ఇదే సరియైన మందు. క్రౌన్ పినియన్‌లోనే పళ్ళ నిష్పత్తి పెంచితే పోయిన లాగుడు తిరిగి వస్తుంది కాని, పినియన్ చిన్నదై దాని పళ్ళు బలహీనపడతాయి. ఇరుసుకు పడే భారమూ తగ్గదు.

వోక్స్‌వ్యాగన్ ఏం చేసింది?

జర్మనీ కంపెనీ వోక్స్‌వ్యాగన్ 1985లో తన ట్రాన్స్‌పోర్టర్ వ్యానుకు నాలుగు చక్రాల లాగుడు అమర్చి 'సింక్రో' అని పేరు పెట్టింది. వాటిని ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో స్టైర్-డైమ్లర్-పుఖ్ కర్మాగారం తయారుచేసింది. ముందు, వెనుక ఇరుసుల నడుమ చిక్కటి సిలికోన్ ద్రవంలో మునిగిన పళ్ళేల కూర్పు ఉండేది. రెండింటి వేగాల్లో తేడా వస్తే ఆ ద్రవమే వాటిని జతచేసేది.

మొదటి సింక్రోకు 14 అంగుళాల చక్రాలు. తరువాత కఠినమైన దారుల కోసం 16 అంగుళాల చక్రాలతో ఇంకొక రకం తెచ్చారు. చక్రాలు మాత్రమే మార్చి ఊరుకున్నారా? లేదు. ఇరుసుల జాయింట్లను బలపరిచారు. బ్రేకులు పెద్దవి చేశారు. బండి శరీరానికి అదనపు బలం ఇచ్చారు. రెండు అంగుళాల మార్పుకు కంపెనీ ఇంజనీర్లే ఇంత పని చేస్తే, టైరు షాపులో గంటలో జరిగే మార్పు చాలుతుందా? మీరే చెప్పండి.

జాయింట్ల సంగతి కూడా చూడండి. బండి ఎత్తు పెంచినప్పుడు ఇరుసు జాయింట్లు ఎక్కువ కోణంలో వంగి తిరగాలి. వంకర పెరిగినకొద్దీ జాయింటు తక్కువ టార్కునే సురక్షితంగా మోయగలదు. చక్రాన్ని పక్కకు పూర్తిగా తిప్పి, అదే సమయంలో గట్టిగా లాగించడం జాయింటుకు చాలా కష్టం.

ఎక్కడం కాదు, దిగడం

ఇరుసు విరిగితే బండి ఆగుతుంది. బ్రేకు చాలకపోతే బండి ఆగదు! అసలు భయం ఇదే. బ్రేకు కూడా చక్రానికి టార్కే ఇస్తుంది, వెనక్కి. టైరు 33 నుంచి 37 సెంటీమీటర్లు అయితే అదే తొక్కుడుకు నేలదగ్గర ఆపే బలం దాదాపు 11 శాతం తగ్గుతుంది. ఘాట్ దిగేటప్పుడు ఇంజను పట్టు కూడా అంతే తగ్గుతుంది. స్పీడోమీటరు చక్రం చుట్లను లెక్కపెడుతుంది కనుక అదీ అబద్ధం చెబుతుంది. ముల్లు 60 దగ్గర ఉంటే బండి నిజంగా పోయేది 67. అంటే వేగం తెలియకుండా పెరిగింది, ఆపే బలం తగ్గింది. వెనుక సీట్లలో జనం ఉన్నారు, పక్కన లోయ ఉంది.

అందుకే చట్టం కూడా ఇందులో జోక్యం చేసుకుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సంగతిని గట్టిగా చెప్పింది. మీ బండికి కంపెనీ ఏయే కొలతల టైర్లు అనుమతించిందో దాని పుస్తకంలో ఉంటుంది. ఆ పరిధి దాటకుండా ఉంటే చాలావరకు చింత లేదు.

చేసి చూడండి

1. సైకిలు టైరు మీద సుద్దతో గీత గీసి ఒక చుట్టు నడిపించండి. నేలమీద దూరం కొలవండి. దానిని 6.28తో భాగిస్తే వ్యాసార్థం వస్తుంది. ఇలాగే ఊళ్ళోని ఆటో, ట్రాక్టరు చక్రాలు కొలిచి పట్టిక రాయండి.

2. ఒక సుద్దముక్కను, దానికి రెండింతలు లావున్న మరో సుద్దముక్కను మెలితిప్పండి. రెండోది ఎన్ని రెట్లు కష్టమో ముందుగా లెక్కకట్టండి. 2 ఘనం ఎంత?

3. ఒక బండి టైరు వ్యాసార్థం 30 నుంచి 36 సెంటీమీటర్లకు మార్చారు. మెలిక ఒత్తిడి పెరగకుండా ఉండాలంటే 25 మిల్లీమీటర్ల ఇరుసు ఎంత లావు కావాలి? 1.2కు ఘనమూలం కనుక్కోండి. జవాబు 26, 27 మిల్లీమీటర్ల మధ్య వస్తే మీకు ఈ పాఠం వచ్చినట్లే. మీ ఊరి మెకానిక్ దగ్గర విరిగిన యాక్సిల్ ఉంటే అడిగి తెచ్చి, ఆ విరిగిన ముఖాన్ని సుద్దముక్కతో పోల్చి చూడండి.