కరీంనగర్ చేరని సౌందర్య

కరీంనగర్: ఎన్నికల సభకు సినిమా తార వస్తున్నదంటే పల్లెల నుంచి జనం కదలడం మామూలే. 2004 ఎన్నికలలో భారతీయ జనతా పార్టీ ప్రచారానికి కరీంనగర్ రావలసిన నటి సౌందర్య మాత్రం బయలుదేరిన ఊరిలోనే కన్నుమూశారు. ఏప్రిల్ 17 ఉదయం బెంగుళూరు జక్కూరు నుంచి పైకి లేచిన చిన్న విమానం నిమిషాలలోనే కూలి మంటలలో చిక్కుకుంది. ఆమె, అన్న అమరనాథ్, మరో ఇద్దరు మరణించారు. అప్పటికి ఆమె వయసు 31.

ఆ ఎన్నికలలో కరీంనగర్ లోక్‌సభ స్థానంలో ఆ పార్టీ అభ్యర్థి విద్యాసాగర్‌రావును టి.ఆర్.ఎస్. అధినేత కె.చంద్రశేఖరరావు ఓడించారు. ఆమె ఏ పార్టీ కోసం రాబోయిందన్నది ఇప్పుడు ఎవరికీ పట్టదు. మరికొన్నేళ్ళు బ్రతికి రాజకీయాలలో తిరిగి ఉంటే మెచ్చేవారితోపాటు తిట్టేవారూ తయారయ్యేవారే. చిన్న వయసు చావు ఆ అవకాశం ఇవ్వలేదు.

వయసు సంగతీ అంతే. 1995లో వచ్చిన 'అమ్మోరు'లో ఆమె భక్తురాలు, రమ్యకృష్ణ అమ్మవారు. 1999 నాటి 'నరసింహ'లో ఇద్దరూ మళ్ళీ ఎదురుపడ్డారు. 2015లో రమ్యకృష్ణ 'బాహుబలి'లో రాజమాత శివగామి అయింది. ప్రేక్షకులు ఆమెతోపాటు తామూ పెద్దవారయ్యారు. సౌందర్యకు మాత్రం సినిమా కోసం పెట్టుకున్న నెరిసిన జుట్టే తప్ప నిజం ముసలితనం రాలేదు.

అయితే చిన్నతనంలో చనిపోయినంత మాత్రాన పేరు నిలుస్తుందనుకుంటే పొరపాటు. 'బొబ్బిలి రాజా' నాయిక దివ్యభారతి 1993లో 19వ ఏట పోయింది. ఆమె పేరెత్తితే సినిమాలకన్నా చావు సంగతే ముందు వస్తుంది. సౌందర్యకు 12 ఏళ్ళు దొరికాయి. కన్నడ ఆడపడుచు అయినా తెలుగువారు ఇంటి పిల్ల అనుకున్నారు. 'అంతఃపురం'లో బిడ్డను దక్కించుకోవడానికి పోరాడిన తల్లిని చూసి కంటతడి పెట్టని ఇల్లాలు అరుదు. తాను స్వయంగా నిర్మించిన కన్నడ చిత్రం 'ద్వీప' 2001 సంవత్సరానికి జాతీయ ఉత్తమ చిత్రమయింది. ఇంత పని వెనుక ఉన్నందువల్లనే ఆమె లేని లోటు జనానికి తెలిసింది. హిందీ 'సూర్యవంశం'లో ఆమె భర్త ప్రోత్సాహంతో చదివి కలెక్టరయిన ఇల్లాలు. ఆ చిత్రాన్ని టి.వి.లో ఎన్నిసార్లు వేశారో లెక్క లేదు. దానిపై హాస్యాలు కూడా పుట్టాయి!

మిగిలిపోయిన పనికి విలువ ఇంకా పెరిగింది. బాలకృష్ణ తన దర్శకత్వంలో మొదలుపెట్టిన 'నర్తనశాల'లో ద్రౌపది సౌందర్యే. ఆమె మరణంతో చిత్రం ఆగిపోయింది. తీసిన కొద్ది భాగాన్ని 16 ఏళ్ళ తరువాత, 2020 దసరా ముందు రోజు విడుదల చేశారు. అందులో భీముడి వేషం కట్టిన శ్రీహరి కూడా అప్పటికి లేరు.